మంచులో కర్రల వరుస

టోవా మంచు తోసే ట్రక్కులోంచి కిందికి దూకి, తన హాకీ కర్రను చంకలో పెట్టుకుంది.

“గట్టిగా గుచ్చు. గాలికి పడిందంటే మన పని అంతే,” అన్నాడు నాన్న స్టీరింగ్ వెనకనుంచి. “మెయిన్ రోడ్డు తోసేసి వస్తా. ఈ మంచు కూడా ఇవాళే పడాలా?”

“నువ్వు లేటైనా నా కర్ర ఉంటుందిగా నాన్నా. ఒక కర్రకి రెండు టికెట్లు.”

“ఒకటి నీకు, ఒకటి నాకు. మాటల్లో పడి రెండోది ఎవరికైనా ఇచ్చేవు.”

టోవా నవ్వి, మంచు హాకీ ఆడే రింకు వైపు పరుగెత్తింది. ఆల్డర్ బే ఊళ్ళో ఉన్నది ఒకటే కాలేజీ. ఆ కాలేజీ అమ్మాయిలు ఈసారి మంచు హాకీ ఛాంపియన్‌షిప్‌లో ఫైనల్‌కి వచ్చారు. ఆట రేపే, అదీ సొంత రింకులోనే. రింకు చూస్తే చిన్నది. ఊరు చూస్తే మొత్తం వస్తానంటోంది.

ఆ ఊళ్ళో టికెట్ల కోసం మనుషులు బయట నిలబడరు. నిలబడితే ముక్కులు రాలిపోతాయి. గోడ పక్కన మంచులో ఎవరి హాకీ కర్ర వాళ్ళు వరుసగా గుచ్చి, లోపలికి వెళ్ళి వేడి చాక్లెట్ తాగుతూ కూర్చుంటారు. కర్ర నిలబడితే మనిషి నిలబడినట్టే. ఒకరి కర్రను ఇంకొకరు కదపకూడదు. ఇది ఎక్కడా రాసిపెట్టిన రూలు కాదు, కానీ ఎవరూ తప్పరు.

టోవా వచ్చేసరికే వరుస గోడ పొడవునా ఉంది. చివర్లో ఆకుపచ్చ టేపు చుట్టిన కర్ర ఒకటి. అది కోచ్ డ్వేన్‌ది, టోవా ఆడే పిల్లల జట్టుకు ఆయనే కోచ్. దాని పక్కన ఒక పాత చెక్క కర్ర. రంగు పోయి, అంచు చెక్కుకుపోయి ఉంది. ఇలాంటివి ఇప్పుడెవరు వాడతారో అనుకుంటూ దాని పక్కనే టోవా తన కర్ర గుచ్చింది. తర్వాత వచ్చినవాళ్ళు ఆమె వెనక గుచ్చుకుంటూ పోయారు.

టోవాకి ఈ ఆట చూడకపోతే అన్నం సహించదు. కాలేజీ జట్టు గోల్‌కీపర్ మారెన్ వేసవి క్యాంపులో ఆమెకు ఆట నేర్పింది. “మేం గనక ఫైనల్‌కి వెళ్తే నువ్వు రావాలి. రింకు చుట్టూ ఉండే అద్దం దగ్గరికొచ్చి చెయ్యి ఊపు. నేను కర్రతో అద్దం మీద కొడతా,” అంది. ఆ మాటను టోవా అప్పట్నుంచి దిండు కింద పెట్టుకుని పడుకుంటోంది.

అందుకే లోపల కూర్చోలేక మాటిమాటికీ బయటికి వచ్చి తన కర్రను చూసుకుంటోంది. అలా ఒకసారి వచ్చినప్పుడు టికెట్లు అమ్మే జాయిస్ అక్కడ కనిపించింది. వేలితో కర్రలు లెక్కపెట్టుకుంటూ వచ్చి, పాత చెక్క కర్ర మీద చెయ్యి వేసి ఆగింది.

“టికెట్లు ఇంతే. ఇక్కడితో సరి,” అని తనలో తాను అనుకుని, చలికి వణుకుతూ లోపలికి వెళ్ళిపోయింది.

టోవా పక్కనే ఉన్న తన కర్ర వైపు చూసింది. ఒక్క కర్ర. ఒక్క కర్ర తేడాతో పోయింది.

అప్పుడే ట్రక్కు మూల తిరిగింది. నాన్న హారన్ కొట్టాడు. టోవా చెయ్యి ఊపింది. నాన్న కూడా చెయ్యి ఊపాడు, ఊపుతూ రోడ్డు అంచుకు వచ్చేశాడు. ట్రక్కు ముందున్న పెద్ద ఇనుప పార మంచునంతా ఎత్తి గోడ వైపు కొట్టింది. దడదడా చివరి కర్రలన్నీ పడిపోయాయి. నాన్న అది చూడనే లేదు, హుషారుగా వెళ్ళిపోయాడు.

కోచ్ డ్వేన్ తలుపు కొంచెం తెరిచి తల బయట పెట్టాడు. “ఏమిటా చప్పుడు? ఓహో. మీ నాన్నేనా?”

“ఆఁ కోచ్.”

“ఆయన చేతికి గుర్రాన్నిచ్చినా ఇంతే. సరేలే, పొద్దుట్నుంచీ నువ్వు పదిసార్లు వచ్చి చూసుకున్నావుగా. ఏది ఎక్కడుందో నీకే బాగా తెలుసు. నిలబెట్టెయ్యి తల్లీ.” తలుపు మూసుకుంది.

టోవా ఒక్కో కర్రా తీసి, మంచు దులిపి, గుచ్చుతూ వచ్చింది. ఆకుపచ్చ టేపు కర్ర గుచ్చింది. తర్వాత చేతిలోకి పాత చెక్క కర్ర వచ్చింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. చెరువు గడ్డకట్టాక దాని మీద ఆడేటప్పుడు పిల్లలందరూ కర్రలు కుప్పగా వేస్తారు. ఒకరు ఉన్ని టోపీ కళ్ళ మీదకి లాక్కుని, చూడకుండా ఒక కర్ర ఇటు, ఒక కర్ర అటు వేస్తారు. అలా రెండు జట్లు అవుతాయి. టోవా వంతు వచ్చినప్పుడు టోపీ అల్లికలోంచి కొంచెం చూసేది. తన కర్రా, తన స్నేహితురాలు జూనీ కర్రా ఒకే వైపు పడేలా వేసేది. ఇంతవరకు ఎవరూ పట్టుకోలేదు. అలవాటైన చేతికి ఇది పెద్ద పనిగా అనిపించలేదు.

‘ఎవరిదో ఏమో. ఇంత పాత కర్ర పెట్టినవాళ్ళు అసలు వస్తారో రారో. ఒక్క చోటే కదా,’ అనుకుంది. తన కర్రను ముందు గుచ్చింది. పాత కర్రను దాని వెనక గుచ్చింది. చేతులు దులుపుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత తాగిన చాక్లెట్ ఎందుకో తియ్యగా లేదు.

టికెట్ల కిటికీ తెరిచే వేళకి అందరూ బయటికి వచ్చి తమ తమ కర్రల పక్కన నిలబడ్డారు. టోవా పక్కకి చూడకుండా నిలబడింది. వెనకనుంచి ఒక గొంతు వినిపించింది. ఆ గొంతు ఆమెకు బాగా తెలుసు.

“ఇదేమిటి. నేను ఆకుపచ్చ టేపు పక్కనే కదా పెట్టాను.”

రెండో తరగతిలో తనకు చదువు చెప్పిన హార్యూ టీచర్. నిరుడే రిటైరయ్యారు. ఆమె చెయ్యి పట్టుకుని ఎర్ర టోపీ పెట్టుకున్న ఇంకో పెద్దావిడ నిలబడి ఉంది. ఆవిడ ఎవరినీ చూడటం లేదు, రింకు తలుపునే చూస్తోంది.

“ఏమైంది టీచర్?” అన్నాడు కోచ్.

“ఏం లేదులే డ్వేన్. నేనే పొరబడ్డట్టున్నాను.” టీచర్ నవ్వారు గానీ ఆ నవ్వు ముఖంలో నిలవలేదు. తర్వాత ముందున్న పిల్లను గుర్తుపట్టారు. “టోవా, నువ్వా? ఎంత పొడుగైపోయావు. ఈవిడ మా అక్క ఇర్మా. ఈ కర్ర ఆవిడదే. చిన్నప్పుడు మగపిల్లలతో కలిసి చెరువు మీద ఆడేది. వాళ్ళు ఏడ్చి ఇంటికి పోయేదాకా ఆడేది.”

టోవా తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని తలాడించింది.

“ఇప్పుడు అక్కకి నా పేరు కూడా గుర్తుండదు,” అన్నారు టీచర్ గొంతు తగ్గించి. “ఆట మాత్రం మరిచిపోలేదు. గోల్ పడబోతోందని అందరికంటే ముందు తెలుసుకుని లేచి నిలబడుతుంది. అందుకే ఎలాగైనా తీసుకెళ్ళాలని పొద్దున్నే వచ్చి కర్ర గుచ్చి, అక్కని తీసుకురావడానికి ఇంటికెళ్ళాను.”

వరుస కొంచెం కదిలింది. టీచర్ పెదాలు కదులుతున్నాయి. తనలో తాను ఏదో చెప్పుకుంటున్నారు.

“మొదటి బల్ల, జూనీ, టోవా. రెండో బల్ల, ఎమెట్, కోల్బీ. మూడో బల్ల...”

“ఏం చెప్పుకుంటున్నారు టీచర్?”

“మీ తరగతి పిల్లల పేర్లు. బుర్ర పనిచేస్తోందో లేదో చూసుకుంటున్నా.” టీచర్ ఇర్మా చేతిని రెండు చేతులతో పట్టుకున్నారు. “అక్కకి కూడా ఇలాగే మొదలైంది. ఒక వస్తువు ఒక చోట పెట్టేది, ఇంకో చోట ఉండేది. అందరం నవ్వేవాళ్ళం. మూడో బల్ల, కిటికీ పక్కన... ముందు పళ్ళు ఊడిపోయి ఉండేవి. వాడి పేరు... ఏమిటి వాడి పేరు?”

టోవాకి ఆ పేరు తెలుసు. రోవన్. చెప్పబోతూ తలెత్తి చూసింది. టీచర్ కళ్ళలో నీళ్ళు కనిపించాయి. ఎప్పుడూ ఎవరి పేరూ మరిచిపోని టీచర్ తనను తానే నమ్మలేక భయపడుతున్నారు. ఆ భయం తను పెట్టిందే. టికెట్ పోతుందంటే కూడా టోవాకి ఇంత ఏడుపు రాలేదు.

“టీచర్, మీరు పొరబడలేదు.”

“ఏమిటమ్మా?”

“మీరు ఆకుపచ్చ టేపు పక్కనే పెట్టారు. కర్రలు పడిపోతే నేను నిలబెట్టాను. అప్పుడు మార్చేశాను. మీ కర్ర వెనక పెట్టి, నాది ముందు పెట్టుకున్నాను.”

చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. టోవా చెవులు కాలిపోయాయి. టీచర్ ఒక చెయ్యి గుండెల మీద పెట్టుకున్నారు.

“నిజంగానా? అయితే నేను సరిగ్గానే పెట్టానా?”

“సరిగ్గానే పెట్టారు.”

“అమ్మయ్య,” అన్నారు టీచర్. కోపం రావలసిన చోట ఆమె పెద్ద ఊపిరి వదిలారు. వెంటనే గట్టిగా నవ్వారు. “రోవన్. వాడి పేరు రోవన్. వాడెప్పుడూ బల్ల కిందే ఉండేవాడు, ఇంకెలా గుర్తుంటాడు.”

టోవా ఏడుస్తూనే నవ్వింది. టీచర్ ఆమె టోపీ సరిచేశారు. “చాలా భయపెట్టేశావు నన్ను,” అన్నారు మెల్లగా. ఆ మాట తిట్టు కంటే ఎక్కువ తగిలింది.

వెనకున్న ఒక గడ్డం ఆయన ఊరుకోలేదు. “కర్ర మార్చినవాళ్ళు చివరికి పోవాలి. పిల్లలైనా సరే.”

కోచ్ ఏదో అనబోయాడు. అంతలోనే టోవా తన కర్ర పెరికి తీసింది. పాత కర్రను ఆకుపచ్చ టేపు కర్ర పక్కకి జరిపి గట్టిగా గుచ్చింది. ఆటలో తప్పు చేసి, శిక్షగా పక్కన కూర్చోబెట్టే పెనాల్టీ బాక్సుకి వెళ్ళేటప్పుడు ఈడ్చుకుంటూ పోవద్దని, చకచకా వెళ్ళి కూర్చోమని కోచ్ ఎప్పుడూ చెబుతాడు. టోవా చకచకా నడిచి వరుస చివరికి వెళ్ళి నిలబడింది.

పాత కర్ర దగ్గరే టికెట్లు అయిపోయాయి. జాయిస్ కిటికీ మూసేసింది. జనం కర్రలు భుజాన వేసుకుని గొణుక్కుంటూ వెళ్ళిపోయారు. టోవా అక్కడే ఉండగా నాన్న ట్రక్కు వచ్చి ఆగింది.

“దొరికాయా?”

టోవా ట్రక్కెక్కి జరిగినదంతా చెప్పింది. నాన్న ఇంజను ఆపేసి, ముందద్దంలోంచి మంచును చూశాడు. ఆయనకీ ఆ ఆట చూడాలని ఉంది. అది టోవాకి తెలుసు.

“కర్రల్ని పడేసింది నా ట్రక్కేగా,” అన్నాడు. “అయితే సగం తప్పు నాది.”

“కాదు నాన్నా. పడేసింది ట్రక్కు. మార్చింది నేను.”

నాన్న ఆమె వైపు తిరిగి చూశాడు. దారిలో ఆగి ఇద్దరికీ వేడి డోనట్లు కొన్నాడు.

ఆదివారం ఇద్దరూ సోఫాలో దుప్పటి కప్పుకుని టీవీ ముందు కూర్చున్నారు. మారెన్ అద్దం వైపు చూసినప్పుడల్లా టోవా దుప్పటిని గడ్డం దాకా లాక్కుంది. ఆట చివర్లో ఆల్డర్ బే అమ్మాయిలు పక్‌ను, ఆ నల్ల రబ్బరు బిళ్ళను, తోసుకుంటూ అవతలి గోల్ వైపు దూసుకెళ్ళారు. కెమెరా జనం వైపు తిరిగింది. అందరూ కూర్చునే ఉన్నారు. ఒక్క ఎర్ర టోపీ మాత్రం లేచి నిలబడింది.

“గోల్ నాన్నా,” అని టోవా సోఫా మీదికెక్కి నిలబడింది.

“ఎక్కడ? ఇంకా కొట్టనే లేదుగా,” అన్నాడు నాన్న. ఆయన మాట పూర్తయ్యేలోపు పక్ వలలో పడింది.

సోమవారం బడి వదలగానే పిల్లలు చెరువు మీద చేరారు. కర్రలన్నీ కుప్పగా వేశారు. పంచే వంతు టోవాది. జూనీ దగ్గరికొచ్చి చెవిలో గుసగుసలాడింది. “నన్ను నీ వైపే వెయ్యి. ఎమెట్ వైపు పడ్డానంటే ఒక్కసారి కూడా పక్ నాకివ్వడు.”

టోవా మంచు మీద మోకాళ్ళు వేసి కూర్చుంది. టోపీ కిందికి లాగింది. అల్లికలోంచి వెలుతురు కనిపించింది. జేబులోంచి మఫ్లర్ తీసి టోపీ మీద నుంచి కళ్ళకు గట్టిగా కట్టుకుంది. ఇప్పుడంతా చీకటి.

ఒక కర్ర ఇటు. ఒక కర్ర అటు. కుడివైపు ఒకటి పడగానే జూనీ “అది నాదే” అంది.

తర్వాతి కర్ర చేతికి వచ్చింది. దాని పిడి మీద టేపు ఉబ్బి ఉంది. చూడకపోయినా అది ఎవరిదో టోవా వేళ్ళకు తెలిసిపోయింది. అది తనదే.

వంతు ఎడమవైపుది. టోవా దాన్ని ఎడమవైపు వేసింది.