గంధం గుండు కెప్టెన్

మునిరామయ్య పుట్టి పెరిగింది చిత్తూరు దగ్గర. సముద్రాన్ని ఏనాడూ చూసిన పాపాన పోలేదు. అయినా సాగర్ అని కలం పేరు పెట్టుకుని, ఓడదొంగల మీద ఒక పాకెట్ నవల రాసిపారేశాడు. ఎనభై మూడులో అది అచ్చయింది మొదలు, సాయంత్రమైతే తిరుపతి బస్టాండు పుస్తకాల అంగడి పక్కన నిలబడి, ఎవరు కొంటారా అని ఓరగా చూడటమే ఆయనగారి పని.

ఆ రోజు తుంపర పడుతోంది. ఒక అమ్మాయి గొడుగు మూసి, ఆ నవలే కొని, అంగడాయన్ని ఏదో అడిగి, తిన్నగా అతని ముందుకొచ్చింది. మునిరామయ్య గుండె ఝల్లుమంది. జేబులోంచి పెన్ను కూడా తీశాడు.

"సాగర్ అంటే నువ్వేనా?"

"అవునండీ. ఆటోగ్రాఫ్ కావాల్నా?"

"నీ ఆటోగ్రాఫ్ ఎవురికి కావాలప్పా! నా గుండు నాకియ్యి."

అతను బిత్తరపోయాడు. ఆమె సంచిలోంచి ఒక రంగుల కాగితం తీసి విప్పింది. వైకుంఠపాళి లాంటి ఆట. పాముల చోట సుడిగుండాలు, నిచ్చెనల చోట ఓడ తాళ్లు. ఆఖరి గడిలో దొంగల కెప్టెన్.

ఆమె పేరు పంకజాక్షి. యాత్రికులకు వైకుంఠపాళి కాగితాలు అచ్చేసి అమ్మే ప్రెస్సు రామలింగయ్య కూతురు. ఈ ఆట ఆమె సొంతంగా గీసింది.

"కెప్టెన్‌కు గుండు గీసి గంధం పూసింది నేను. కొండ దిగొచ్చే తలకాయలు తప్ప నాకేం తెలుసు? లోకంలో ఇంకే ఓడదొంగ గుండుకు గంధం పూసుకుంటాడు? నీ నవల్లో పూసుకున్నాడే, యాడిది?"

"అది... ఇన్‌స్పిరేషన్ అండీ."

"ఓహో! దొంగతనాన్ని ఇంగ్లీషులో అట్లంటారా?"

మునిరామయ్య తల దించుకున్నాడు. "మా అక్కోళ్లింట్లో ఈ ఆట ఉండాది. మరి మీ ఓడ యాడిదండీ?"

"మార్నింగ్ షో ఇంగ్లీషు సినిమాలోది," అంది ఆమె కొంచెం తగ్గి. "వాళ్లు ఏ నవల చూసి తీసినారో!"

"అయితే అందరమూ దొంగలమే."

"అవును. కానీ గుండు మాత్రం నాది."

మర్నాడు క్షమాపణ చెప్పడానికి ప్రెస్సుకు వెళ్లాడు. ఆ మర్నాడు కూడా వెళ్లాడు. నెల తిరిగినా అతని క్షమాపణ పూర్తి కాలేదు, ఆమె తిట్లూ పూర్తి కాలేదు.

అంతలో మద్రాసు నుంచి ఒక డైరెక్టర్ ఉత్తరం. నవల నచ్చిందట. దర్శనానికి వస్తున్నాడట, లాడ్జిలో కలవమన్నాడు.

"నేనూ వస్తా," అంది పంకజాక్షి. "ఆయన ముందర నా పేరు చెప్తావో మింగుతావో చూడాల."

డైరెక్టర్ మొక్కు తీర్చుకుని, గుండుకు గంధం పూసుకుని కూర్చున్నాడు. ఇద్దరికీ నవ్వాపుకోవడం గగనమైంది.

"నీ కథంతా పాతదేనయ్యా. ఆ గంధం గుండొక్కటే కొత్త. నీకెలా తట్టింది? తెర మీద నీ పేరు పెద్దక్షరాలతో వేస్తాను."

పెద్దక్షరాలు! ఊరంతా చూస్తుంది. ఒక్క అబద్ధం చాలు. పంకజాక్షి అతని వైపు చూడకుండా కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"నాది కాదు సార్. ఈ అమ్మాయిది. తన ఆట చూసి నేను కాపీ కొట్టినాను."

"అలాగా!" డైరెక్టర్ మొహం విప్పారింది. "ఆట కాగితానికి కథ హక్కులేముంటాయయ్యా? మరి డబ్బిచ్చి నీ నవల కొనడమెందుకు?"

ఏడాదిలో సినిమా వచ్చింది. గుండు ఉంది, గంధం ఉంది. కథ దగ్గర డైరెక్టర్ పేరే ఉంది. హాలు బయట ఆ సినిమా బొమ్మతో ఎవరో కొత్త ఆట కాగితాలు కూడా అమ్ముతున్నారు.

వాన మొదలైంది. ఇద్దరూ హాలు మెట్ల మీద ఒకే గొడుగు కింద నిలబడ్డారు.

"ఆ పొద్దు నోరు మూసుకొని ఉంటే నీ పేరు పడేది," అంది పంకజాక్షి. "ఏడుపు రాలేదా?"

"వస్తా ఉండాది. కానీ అబద్ధం చెప్పుంటే నువ్వు మళ్లీ నా మొగం చూసేదానివి కాదు. పేరు పోతే పోనీ. నువ్వు పోతే నేను తట్టుకోలేను. నువ్వంటే నాకు... శానా ఇష్టం. మీ నాయన్ను అడగాలని ఉండాది. ఇది యాడా చూసి చెప్పేది కాదు."

పంకజాక్షి కళ్లు తుడుచుకుంది. వెంటనే నవ్వింది.

"తెలుస్తానే ఉండాదిలే. ఇంత అధ్వాన్నంగా ఏ నవల్లోనూ ఎవురూ అడగరు."

"అయితే వద్దా?"

"వద్దనుకుంటే ఈ వానలో నీ పక్కన ఎందుకు నిలబడతానప్పా? నాయన ప్రెస్సులోనే ఉండాడు. పద, ఇట్లే అడుగు. ఒక్క ముక్క కూడా బాగుచేయొద్దు."