తీతు టాంకీలో పసుపు

ఖరగ్‌పూర్‌లో దెయ్యాలకేమీ కొదవ లేదు. బ్రిటిషోళ్ళు వదిలేసి పోయిన బంగళా ఒకటి కనిపిస్తే చాలు, మనవాళ్ళు అందులో ఒక దొరసాని చేత కాపురం పెట్టించేస్తారు. కానీ పాత పంపుహౌస్ పక్కనున్న ఇనప టాంకీ సంగతి వేరు. అందులో ఉన్నది దొరసాని కాదు. మన తెలుగోడే... తీతు.

ముప్పై ఒక్కేళ్ళ కిందట నీళ్ళ మట్టం చూడ్డానికి నిచ్చెనెక్కి, నాచు మీద కాలు జారి లోపల పడిపోయాడు. పొద్దున్న తీశారు. అప్పట్నించీ రాత్రయితే లోపల్నించి పానాతో కొడతాడని పేరు. టక్... టక్... అని. చీకటి పడిందంటే టోటో రిక్షాలు నడిపేవాళ్ళు కూడా ఆ దారి మానేసి చుట్టు తిరిగి పోతారు.

ఆ దారిన దర్జాగా తిరిగేది వెంకటరావు ఒక్కడే. రైల్వే నీళ్ళ పంపుల మీద నలభయ్యేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. ఎవరు దెయ్యమన్నా పెద్దగా నవ్వేవాడు.

"ఇనుమురా బాబూ! పగలు కాగుతాది, రాత్రి సల్లబడతాది. సల్లబడితే సప్పుడు సేస్తాది. దెయ్యమేటి, నీ మొహం!"

ముప్పై ఒక్కేళ్ళూ ఊరందరికీ ఇదే పాఠం చెప్పాడు. చాలామంది నమ్మారు కూడా. ఎంత చెప్పినా నమ్మని మనిషి ఒక్కడే మిగిలాడు. అది వెంకటరావే!

ఎందుకంటారా? ఆ రాత్రి డ్యూటీ తీతుది కాదు. వెంకటరావుది. రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో తెలుగు నాటకం ఆడుతున్నారని, "అన్నా, ఓ రెండు గంటలు కూర్సోవా, ఇలాగెల్లి అలాగొచ్చేస్తాను" అని బతిమాలి, తీతుని కూర్చోబెట్టి పోయాడు. నాటకం తెల్లారేదాకా సాగింది. ఆ తర్వాత డ్యూటీ ఎవరిదని ఎవరూ అడగలేదు... ఈయనా చెప్పలేదు. తీతు భార్య సూసన్న ఊళ్ళోనే, ఖరిదా పేటలో ఉంటుంది. ఈయన ఆ వీధి మొహం మళ్ళీ చూస్తే ఒట్టు.

ఇలా ఉండగా, ఈ ఏడు వానల్లో హిజ్లీ కాలేజీలో పెద్ద చదువులు చదివేవాళ్ళొచ్చి ఆ టాంకీని అడిగి పుచ్చుకున్నారు. లోపలంతా కడిగించి, నల్ల తొడుగు వేయించి, తేటనీళ్ళు నింపి, మూత బిగించి సీలు వేశారు. దసరా అయ్యాక రాత్రి కాపలాకి ఒక మనిషి కావాలన్నారు. గొట్టాల సంగతి తెలిసినవాడని వెంకటరావునే పెట్టారు. చూశారా తమాషా! ఊళ్ళో అంతమంది ఉండగా తీతుకి కాపలా ఈయనే దొరికాడు.

అంతేనా? అక్కడ పరిశోధన చేసే పిల్ల పేరు జెనీ. తీతుకి, సూసన్నకి సొంత మనవరాలు. రోజూ సాయంత్రం సైకిలు మీద వచ్చి "తాతా, టీ తాగినావా?" అని నోరారా పలకరించేది. ఆ పిలుపు వింటే ఈయన తల తిప్పుకుని ఏదో గొట్టం బిగిస్తున్నట్టు నటించేవాడు.

పూజా పందిళ్ళు విప్పేసిన వారం. కాపలా మొదటి రాత్రి. గూడ్సు బండి ఒకటి గడగడా పోయింది. ఆ మోత అణిగింది. కుక్కలు కూడా సద్దుమణిగాయి.

టక్.

"ఇనుమే" అనుకున్నాడు వెంకటరావు.

టక్... టక్‌టక్...

ఇనుమైతే చీకటి పడ్డాక నాలుగుసార్లు అని ఊరుకుంటుంది. ఇది ఊరుకోలేదు. ఒకసారి గబగబా, ఒకసారి ఎంతకీ లేకుండా... మనసులో ఏదో పెట్టుకున్నవాడు కొట్టినట్టు కొడుతోంది.

"తీతన్నా...?" అన్నాడు లోగొంతుకతో.

టక్.

అంతే! దుప్పటి తలదాకా లాక్కుని తెల్లారేదాకా రామనామమే.

మూడు రాత్రులు ఓర్చాడు. నాలుగో రాత్రి ఇంట్లోంచి పసుపు డబ్బా ఎత్తుకొచ్చాడు. గోరువెచ్చని నీళ్ళలో కలిపి, తువ్వాలుతో వడకట్టి, బిందె పట్టుకుని నిచ్చెనెక్కాడు. మూతకి సీలు ఉంది, దాని జోలికి పోలేదు. పక్కన వంపు తిరిగిన పాత గొట్టం ఉంది. వెలుతురు పోదు గానీ నీళ్ళు పోతాయి. అది ఖరగ్‌పూర్ మొత్తం మీద ఈయనొక్కడికే తెలుసు.

"తీతన్నా... నన్ను సెమించినావంటే సప్పుడు మానియ్యి." గొణిగి, బిందె వంచేశాడు.

నిశ్శబ్దం. గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. ఒక మెట్టు దిగాడు. రెండో మెట్టు...

టక్. టక్‌టక్. టక్‌టక్‌టక్‌టక్...

అంతకుముందు లేనంత జోరు! వెంకటరావు ఎలా కిందపడ్డాడో ఆయనకే తెలీదు. పరుగెత్తి పంపుహౌస్ అరుగు మీద కూలబడ్డాక అప్పుడు తట్టింది. ఓలమ్మా, తీతు క్రిస్టియనోడు గదా! వాడి టాంకీలో నేను పసుపు పోసినానేటి? కోపం రాదేటి మరి?

మర్నాడు రాత్రి కొవ్వొత్తి వెలిగించాడు. లాభం లేదు. రెండు వెలిగించాడు. తీతు శాంతించలేదు. ఇంట్లో భార్య జోగమ్మ మాత్రం, "డబ్బాడు పసుపు ఏటైపోయిందయ్యా?" అని ఒకటే గోల. అన్నం సయించదు. నిద్ర పట్టదు. వారం తిరిగేసరికి మనిషి సగమయ్యాడు.

ఎనిమిదో సాయంత్రం జెనీ వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. సైకిలు గోడకి ఆనించి, లాప్‌టాప్ తెరిచి, "తాతా, ఈ టాంకీని ఎవరైనా ముట్టుకున్నారా?" అంది.

"నేదమ్మా! నేనుండగా ఎవడు ముట్టుకుంటాడు?"

"నాలుగు రోజుల్నించి లెక్క రెట్టింపైపోయింది. వైర్లు సూసినాను, అన్నీ ఠీక్. రేపు పదకొండింటికి మా సారుకి సెప్పాలి. కారణం తేలకపోతే రెండు నెలల లెక్కా పారేయాల్సిందే." లాప్‌టాప్ మూసేసింది. "మళ్ళీ మొదట్నించీ."

"ఏటమ్మా ఆ లెక్క?"

"ఇదే. ఇనిపించట్లేదా?"

టక్. టక్‌టక్.

వెంకటరావు గోడ పట్టుకున్నాడు. "నీకూ ఇనిపిస్తందా!"

"నేనే కదా టాంకీ కింద స్పీకరు పెట్టినాను! లోపల పెద్ద మెరుపొస్తే టక్ అంటాది. పగలూ అంటాది గానీ, బండ్ల మోతలో ఎవరికీ ఇనపడదు."

వెంకటరావు అరుగు మీద కూర్చుండిపోయాడు. తీతు కాదు... స్పీకరు! ఒక్కసారిగా నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "నీళ్ళలో మెరుపేటే గుంటా?"

జెనీ నడినెత్తిన ఆకాశం వైపు చెయ్యి చూపించింది. "అదిగో, హంస అని ఒక చుక్కల గుంపు. దాని వెనకాల చుక్కలు పుట్టే చోటుంది, పురిటిల్లులాగ. అక్కడ సూర్యుడి కంటే ఇరవై ముప్పై రెట్లు పెద్ద చుక్కలున్నాయి. పుట్టిన దగ్గర్నించీ వీరంగమే. ఒకదాని మీదికి ఒకటి గాలులు ఇసురుకుంటాయి. ఆ కొట్లాటలో నలిగిన రేణువుల్నించి గామా కిరణాలు పుడతాయి. అవి మన గాలిని గుద్దుకుని రేణువుల జల్లైపోతాయి. ఆ జల్లు టాంకీ నీళ్ళలోంచి దూసుకుపోతే నీలంగా మెరుస్తాది."

"అయితే ఈ టక్‌టక్ అంతా ఆ చుక్కలదేనా?"

"అంతా కాదు. వెయ్యిట్లో ఒకటి గామాదైతే గొప్ప. మిగతావి దారిలో వంకర్లు తిరిగి, ఏ ఇంటి నుంచి బయల్దేరినాయో మర్సిపోయిన రేణువుల జల్లు. గామా అలాక్కాదు తాతా. పుట్టిన చోటు నుంచి సరాసరి వస్తాది."

"ఆ పెద్ద చుక్కలు ఎన్నాళ్ళు బతుకుతాయి?"

"సూర్యుడు వెయ్యికోట్ల ఏళ్ళు బతికితే, ఇవి యాభై లక్షలకే పేలిపోతాయి."

"అల్పాయుష్షు! మరి దెయ్యాలే గదే అవి!" అన్నాడు వెంకటరావు. గుండె మీద బరువు దిగిపోయి మాటలు వాటంతటవే వస్తున్నాయి.

జెనీ నవ్వలేదు. లాప్‌టాప్ మీద చెయ్యి వేసుకుని, "రేపేటి సెప్పాలి..." అని కళ్ళు తుడుచుకుంది.

తీతు మనవరాలు ఏడుస్తోంది. అదీ తన వల్ల. చెప్పకపోతే ఈ పిల్ల కష్టమంతా నీళ్ళపాలు. పసుపు సంగతి చెప్తే ఎందుకు పోశావంటుంది. ముప్పై ఒక్కేళ్ళు తప్పించుకు తిరిగిన ప్రశ్న అది.

"నేనే ముట్టుకున్నానమ్మా" అన్నాడు చివరికి. "పసుపు పోసినాను."

జెనీ నోరు తెరిచింది. "ప... పసుపా?" రెండు నిమిషాలు ఏవేవో లెక్కలు వేసుకుంది. ఉన్నట్టుండి పగలబడి నవ్వింది. "అదన్నమాట! ఆ మెరుపులో కంటికి కనపడని భాగాన్ని పసుపు మింగి, పచ్చ వెలుతురుగా నలువైపులా సిమ్ముతుండొచ్చు. లోపల మెరుపుని పట్టే మా గాజు బుడ్డికి ఎక్కువ కనపడతంది! అయితే ఈ నాలుగు రోజుల లెక్క పారేస్తే సాలు. బతికించినావు తాతా! ఇంతకీ పసుపెందుకు పోసినావు?"

"ఆ రాత్రి... మీ తాత పడిపోయిన రాత్రి... డ్యూటీ నాదమ్మా."

నవ్వు ఆగిపోయింది. టక్... టక్... అంటోంది స్పీకరు. జెనీ దాని మీట నొక్కి నోరు మూయించింది. సారుకి ఫోన్ చేసి వేరే మనిషిని కాపలాకి రప్పించింది.

"ఈ మాట నాకు కాదు. మా నానమ్మకి సెప్పు. పద."

ఇద్దరూ ఖరిదా దారి పట్టారు. ఆమె సైకిలు నడిపించుకుంటూ ముందు, ఈయన వెనకాల. ఇంట్లోకి అడుగు పెట్టేసరికి బల్ల మీద మూడు గ్లాసుల టీ పొగలు కక్కుతోంది. సూసన్న, "ఆ కుర్సీలో కూర్సో ఎంకట్రావూ" అంది, నిన్నే వచ్చి వెళ్ళినవాడితో అన్నట్టు.

కూర్చున్నాడు. తల దించుకుని, ఆ రాత్రి సంగతంతా దాచకుండా చెప్పాడు. చెప్తూ చెప్తూ బావురుమన్నాడు.

"నాకు తెలుసు" అంది సూసన్న. "ఎంకట్రావు నాటకానికి ఎల్తన్నాడు, నేను కూర్సుంటానని ఆయన నాతో సెప్పే ఎల్లినాడు. నువ్వొచ్చి నోటితో సెప్తావేమోనని సూసినాను. ఇన్నేళ్ళు పట్టిందేటి నీకు?"

"భయమేసింది వదినా. ఇప్పుడు కూడా... టాంకీలోంచి తీతన్నే కొడతన్నాడనుకున్నాను."

సూసన్న కొంగుతో కళ్ళు ఒత్తుకుని, ఫక్కున నవ్వింది. "తీతు కొట్టడమేటి? ఆయన జన్మలో ఎప్పుడైనా తలుపు కొట్టినాడేటి? సరాసరి లోపలికొచ్చేసే మనిషి. నిన్న రాత్రీ అంతే. సరాసరి వచ్చి, నువ్వు కూర్సున్న ఆ కుర్సీలోనే కూర్సున్నాడు. రేపు ఎంకట్రావొస్తాడు, ఇంకో గ్లాసు టీ పెట్టమన్నాడు."

వెంకటరావు చేతిలో గ్లాసు ఆగిపోయింది.

"నీ మీద కోపమేటీ లేదన్నాడులే. కాకపోతే, 'నా టాంకీలో పసుపు పోసినాడే, ఎదవ' అని ఒకటే నవ్వు."

జెనీ వెంకటరావు మొహం చూసింది. వెంకటరావు జెనీ మొహం చూశాడు. సూసన్నతో ఈయన చెప్పినదాంట్లో డ్యూటీ ఉంది, నాటకం ఉంది. పసుపు మాట మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

వెంకటరావు మెల్లగా కుర్చీలోంచి లేచి, ఆ కుర్చీకి ఒక దణ్ణం పెట్టి, కింద చాప మీద కూర్చున్నాడు.