నడిగూడెం నల్లబురద

"మా ఆయన గొర్లకు ఇషం పెట్టే మనిషి కాదమ్మా."

కుర్చీ చూపించినా మణెమ్మ కూర్చోలేదు. సూర్యాపేట బస్టాండ్ ఎదురుగా మందుల దుకాణం పైన ఉన్న ఆ చిన్న గదిలో, ప్రైవేట్ డిటెక్టివ్ అహల్య ఆమె చెప్పేదంతా మధ్యలో ఆపకుండా వింది. అసిస్టెంట్ రాజ్‌కుమార్ మంచినీళ్లు తెచ్చి పెట్టాడు.

మణెమ్మ భర్త లింగస్వామి నడిగూడెంలో లక్ష్మయ్య పటేల్ చేనులో మంద పెట్టాడు. ఎరువు కోసం రైతులు గొర్రెలను చేనులో ఆపించుకోవడం అక్కడ మామూలే. తెల్లారేసరికి గొర్రెలన్నీ నురగలు కక్కి పడిపోయాయి. వాటితోపాటు పటేల్ బర్రెలూ చచ్చిపోయాయి. చేనులో నిలిచిన నీళ్లలోనే విషం ఉందని పశువుల డాక్టర్ తేల్చాడు. మేత దగ్గర ఇద్దరికీ పాత తగాదా ఉంది. బర్రెలను చంపబోయి లింగస్వామి తన గొర్రెలను కూడా చంపుకున్నాడని పటేల్ ఫిర్యాదు ఇచ్చాడు. లింగస్వామి ఇప్పుడు ఠాణాలో ఉన్నాడు.

"రేపు కోర్టుకు తీస్కపోతరంట. జైల్ల వడితె బతకడమ్మా. నాలుగు గోడల నడుమ ఒక్క దినం గూడ ఉన్నోడు కాదు."

"ఆ చేన్ల ఈ మధ్య ఏమన్న పోసిన్రా?"

"లారీలల్ల నల్లబురద తెచ్చి పరిసిన్రు. కోస్తా దిక్కు గ్యాసు కోసం బోర్లేస్తరంట గదా, ఆడికెళ్లి వస్తదంట. చెలకకు బలమని లారీల కాంట్రాక్టరు కోదాడ భాస్కర్ పైసలు తీస్కోకుండ పుక్కట్ల పోసిండు. టెస్టుల గూడ మంచిదనే వచ్చిందంట."

నడిగూడెంలో ముసురు పట్టిన ఆకాశం కింద ఆ చేను పక్కు కట్టిన గాయంలా ఉంది. బెత్తెడు మందాన నల్లటి పొర. గుంటల్లో నీటి మీద రంగురంగుల నూనె తెట్టు, ముక్కు పగిలే డీజిల్ వాసన. అహల్య పైబురదను గరిటెతో తీసి సీసాలో నింపింది.

లక్ష్మయ్య గట్టు మీదికి వచ్చాడు. "బురదల ఏం లేదమ్మా. శాంపిల్ నేనే తీసిన. వ్యవసాయ ఆఫీసరు నేర్పినట్టే, పద్ధతిగ తీసిన."

"అప్పుడు పక్కన ఎవరన్నా ఉన్నారా?"

"భాస్కర్ ఉండె. గొడుగు పట్టుకొని గీ గట్టు మీదనే నిలవడ్డడు."

కోదాడలో భాస్కర్ నవ్వుతూ టీ తెప్పించాడు. "శాంపిల్ తీసిన రోజు నేను విజయవాడలో ఉన్నానండీ. ఆయనే తీశాడు, ఆయనే సంచి కట్టాడు. గొర్రెలోడి మాట పట్టుకొని నా మీద పడితే ఎలా మేడం? ఊరంతా ఈ బురద కావాలంటున్నారు. రేపట్నుంచి మిగతా చేలకూ లారీలు దిగుతాయి."

మిర్యాలగూడ ల్యాబ్‌లో మట్టి పరీక్షలు చేసే నవనీత, లక్ష్మయ్య పంపిన శాంపిల్‌లో మిగిలింది సంచి విప్పి చూపించింది. ఎర్రమట్టి. అందులో సన్నటి పత్తి వేర్ల ముక్కలు. అహల్య వాటిని వేళ్లతో నలిపి చూసి, తను తెచ్చిన సీసాను నవనీతకు ఇచ్చింది.

"సంచి మార్చేశారు మేడం. ల్యాబ్ అమ్ముడుపోయింది," అన్నాడు రాజ్‌కుమార్ మెట్లు దిగుతూ.

"ఎవరూ ఏమీ మార్చలేదు. పాతాళం నుంచి వచ్చిన బురదలో పత్తి వేర్లు ఎందుకుంటాయో ఆలోచించు."

మర్నాడు పొద్దున అందరూ ఆ చేను గట్టు మీదే ఉన్నారు. లింగస్వామిని కోర్టుకు తీసుకెళ్తూ ఎస్సై అక్కడ జీపు ఆపడానికి ఒప్పుకున్నాడు.

"పటేల్ గారూ, ఆ రోజు శాంపిల్ ఎట్ల తీసిన్రో జర మళ్ల తీసి చూపెట్టండి," అంది అహల్య.

లక్ష్మయ్య పార అందుకున్నాడు. నల్లపొరను శుభ్రంగా చెక్కి పక్కకు నెట్టాడు. జానెడు లోతు గుంట తీశాడు. అంచు నుంచి ఎర్రమట్టి పెల్ల తీయబోయి ఆగిపోయాడు. పక్కకు నెట్టిన నల్లబురద వైపు చూశాడు.

"భూసార పరీక్షకు అదే సరైన పద్ధతి," అంది అహల్య. "పైన పడ్డ ఎరువు, చెత్త తీసేసి అడుగు మట్టి పంపాలి. కానీ ఇక్కడ పరీక్ష చేయాల్సింది పైన పడ్డదాన్నే. అదీ చేనులో పరవకముందు, లారీలో ఉండగానే. ల్యాబ్ నిజమే చెప్పింది. చేను మట్టి మంచిదని చెప్పింది."

నవనీత రాత్రికి రాత్రే చేసిన పైబురద పరీక్ష ఫలితం చదివింది. మోతాదు దాటిన ఉప్పు, డీజిల్, క్రోమియం.

"అంటే తప్పు ఆయనదే కదండీ," అన్నాడు భాస్కర్.

"ఆయనది అలవాటు. ఎక్కడా పారబోయనివ్వని ఈ చెత్తను వదిలించుకోవడానికి మీరు గొడుగు కింద నిలబడి ఆ అలవాటును వాడుకున్నారు. బురద మంచిదని నమ్మినవాడైతే 'అది కాదు, పైది తియ్యి' అనేవాడు. విజయవాడలో ఉన్నానని అబద్ధం చెప్పాల్సిన అవసరమూ ఉండేది కాదు."

"లింగస్వామి మీద కేసు పెట్టుమన్నది గూడ ఈయనే సారూ," అన్నాడు లక్ష్మయ్య, ఎస్సై వైపు చూడకుండా.

ఎస్సై చెయ్యి చూపగానే భాస్కర్ జీపు ఎక్కాడు. లింగస్వామి దిగాడు. మణెమ్మ అతని చేయి పట్టుకుంది. లక్ష్మయ్య తల వంచుకొని నిలబడ్డాడు. రాత్రి వాన నీళ్లు చేనులోంచి పల్లంలో ఉన్న అతని బావి వైపు సన్నగా పారుతున్నాయి.

లింగస్వామి ఆ నీళ్ల దారి వెంట చూశాడు.

"పటేలా, ఇగ నీ బాయి నీళ్లు తాగకుండ్రి. ఇంట్ల పిల్లలకు గూడ చెప్పు."