మేకల గొంతులో సాక్ష్యం

1974 మార్చిలో గీదం పశువైద్యుణ్ణి పట్టపగలు సంత నడుమ కాల్చి చంపారు. ఆయన చేసిన నేరం, ఢిల్లీకి ఫోన్ చేసి ఒక్క మాట చెప్పడం: "ఈ కలుపుమందు తాగిన మేకల గొంతులు ఉబ్బుతున్నాయి."

గూఢచారి శాఖ చీఫ్ దశరథరామయ్య ఏజెంట్ మంగాదేవిని పిలిపించాడు.

"పశువైద్యుణ్ణి చంపించింది హాల్డెన్ అనే విదేశీ వ్యాపారి ముఠా. వాళ్ల దేశం నిషేధించిన మందును బస్తర్ చేలల్లో పోయాలని చూస్తోంది. శుక్రవారం దంతెవాడ రెస్ట్‌హౌస్‌లో భోజనాలయ్యాక మన వ్యవసాయశాఖ ఆఫీసరు అనుమతి మీద సంతకం పెడతాడు."

"మేకల రక్తం పరీక్షించలేదా సార్?"

"శుభ్రంగా ఉంది. మందు కాలేయంలో రూపం మారి మూత్రంలో పోతుంది. ఒంట్లో ఉన్నంతసేపూ గొంతులోని థైరాయిడ్ గ్రంథిని హార్మోన్ తయారుచేయనివ్వదు. గ్రంథి ఉబ్బుతుంది. మందు పోయినా ఆ వాపు ఉంటుంది. ఆ గ్రంథి తీసుకురా. రేపు పిల్లల గొంతులు అలా కాకూడదు."

శాఖ ఆమెకు లిప్‌స్టిక్ కెమెరా ఇచ్చింది. వెళ్లేది వంటమనిషి వేషంలో! మంగాదేవి దాన్ని బల్ల మీదే వదిలేసి ఐసు ఫ్లాస్కు పట్టుకెళ్లింది.

శుక్రవారం ఉదయం రెస్ట్‌హౌస్ వంటింటి వెనక, హాల్డెన్ ముఠా మందు తాగించి చూసిన ప్రయోగం మేకలు దిగాయి. వాటిని కాల్చి బూడిద చేయమని హాల్డెన్ ఆజ్ఞ. కానీ అతని స్థానిక మేనేజరు శేషగిరిరావు జగదల్‌పూర్ వ్యాపారి. విందుకు వేరే మేకలు కొనడం అతనికి దండగ.

"బంగారంలాంటి మేకల్ని తగలెయ్యడానికి నాకేమన్నా పిచ్చా? కొయ్ రా," అన్నాడు.

మేకలు కోసిన దేవా తలలన్నీ గొంతులతో సహా గంపలో వేసుకున్నాడు.

"ఏందిరా, అన్నీ నీకేనా?"

"తల, కోసినోనిదే గద సావుకారీ! మా రివాజు. ఇయ్యనంటే నీ మేకలు నువ్వే కోసుకో."

శేషగిరిరావు వెళ్లగానే మంగాదేవి గంప దగ్గరికి వచ్చింది. "దేవన్నా, అవి తినకు. మందు తాగిన మేకలు. గొంతులు నాకియ్యి."

దేవా గంప కింద పెట్టేశాడు. "మరి దొరలకు జెప్పవా అక్కా?"

"మన ఆఫీసరు పప్పే తింటాడు. మిగతావాళ్లకు తిన్నాక చెప్తా."

విందులో హాల్డెన్ పక్కన రోజీ కూర్చుంది. రెండు దేశాలకూ రహస్యాలమ్మే డబుల్ ఏజెంట్. ఏ రోజు ఎవరి పక్షమో మరచిపోకుండా చీర రంగు మారుస్తుందని శాఖలో చెప్పుకుంటారు. కాలేయం వేపుడు రెండోసారి వడ్డించుకుంది.

ఆఫీసరు పెన్ను మూత తీశాడు. మంగాదేవి ఆయన ముందు పళ్లెం పెట్టింది. అందులో నిమ్మకాయంత గ్రంథులు.

"సార్, మామూలు మేకకు ఇది చిక్కుడు గింజంతే."

హాల్డెన్ నవ్వాడు. "ఇవి మా మేకలవని రుజువేంటి?"

"మిగతా మేక మీ కంచంలో ఉంది. నిన్నటిదాకా మందు తాగిందే. శేషగిరిరావు గారి పొదుపు."

హాల్డెన్ గొంతులో వేళ్లు పెట్టుకున్నాడు. "డాక్టర్! డాక్టర్!"

"మీ మందుతో ప్రమాదం లేదన్నారుగా?" అన్నాడు ఆఫీసరు. కాగితాన్ని తాకిన పాళీ ఆగిపోయింది.

"రోజీ! కాల్చెయ్ దాన్ని!"

రోజీ సంచిలోంచి పిస్తోలు తీసి హాల్డెన్‌కే గురిపెట్టింది. "ఇంకొంచెం వేసుకో డార్లింగ్ అన్నది నువ్వే కదూ!"

పోలీసులు వచ్చేదాకా ఆ గురి తప్పలేదు. పశువైద్యుడి హత్య కేసులో హాల్డెన్, శేషగిరిరావు ఇద్దరూ అరెస్టయ్యారు.

రోజీ దేశభక్తికి పతకం సిఫారసు చేస్తున్నానన్నాడు చీఫ్.

"ఇవ్వండి సార్," అంది మంగాదేవి. "ముందు ఆసుపత్రిలో ఆమె కడుపు కడగడం పూర్తికానివ్వండి."