చదవకుండా నొక్కిన 'సరే'

నడుము పట్టేసిన మనిషికి ఇంట్లో అందరూ డాక్టర్లే. నేను కర్టెన్లు కుట్టే షాపులో పని చేస్తాను. బరువైన గుడ్డ తాను ఒకటి పై అరలోంచి ఒంటిచేత్తో లాగబోయి, వెన్నులో డిస్కు జరిగి మంచం ఎక్కాను. నెల రోజులు కదలకూడదని అసలు డాక్టరు ఒకసారే చెప్పాడు. ఆ మాటని మా ఆయన పూటకోసారి, మా అత్తయ్య గంటకోసారి చెప్పారు.

సాయంగా ఉండటానికి అత్తయ్య తన ఇంటికి తాళం వేసి వచ్చారు. రావడం మంచిదే. కానీ వచ్చిన రోజే నా వంటింట్లో డబ్బాలన్నీ చోట్లు మారిపోయాయి. పడుకున్నచోటి నుంచే గిన్నెల చప్పుడు వింటూ, ఆవిడ ఇంకేం సర్దేస్తున్నారో ఊహించుకుని పళ్లు నూరుకునేదాన్ని. "అనుమానం పెనుభూతం అంటారు. మా ఇంట్లో అది కోడలితోపాటే కాపురానికి వచ్చింది" అని మా ఆయన వేళాకోళం.

నా విసుగు భరించలేక మా ఆడపడుచు తన ట్యాబ్ పంపింది. దాని నిండా ఎవరో ఒకరిద్దరు ఇంట్లో కూర్చుని చేసిన చిన్న చిన్న గేములు. కాల్పులు లేవు, చావులు లేవు, ఓడిపోవడమూ లేదు. ఒకదాంట్లో టీ కొట్టు నడపాలి. ఇంకోదాంట్లో పిల్లి చేత ఉత్తరాలు పంచిపెట్టించాలి. నాకు బాగా పట్టుకున్నది ఊరు కట్టే గేము. మొదట అంతా ఖాళీ నేల, ఒక ఏరు. మనం ఇల్లు కట్టి, లోపల మంచం వేసి, ఎవరిని రప్పించాలనుకుంటే వాళ్లకి ఇష్టమైనవి రోజుకొకటి కానుకగా ఇవ్వాలి. ఇచ్చినప్పుడల్లా వాళ్ల బొమ్మ కింద ఒక గుండె ఎర్రగా నిండుతుంది. గుండెలన్నీ నిండితే సంచి భుజాన వేసుకుని వచ్చేస్తారు. ఇక తిరిగి వెళ్లరు. రొట్టెలు కాల్చే కుందేలుని నీలం పూలిచ్చి రప్పించాను. వడ్రంగి ఎలుగుబంటి తేనెకి లొంగింది.

మా ఐదేళ్ల కూతురు పక్కన పడుకుని చూసేది. నోరు ఊరుకోదని దాన్ని పిచ్చుక అని పిలుస్తాం. కుందేలు సంచితో వస్తుంటే, "వాళ్లమ్మ వెతుక్కోదా?" అని అడిగింది.

"గేముల్లో అమ్మలుండరే" అన్నాను.

ఆ ఊళ్లో వాళ్లందరికీ వాగుడెక్కువ. వాన గురించి, జాం గురించి తెరల కొద్దీ మాటలు. అవన్నీ చదివే ఓపిక ఎవరికి? కింద 'సరే' అని వస్తుంది, నొక్కుకుంటూ పోవడమే. గోధుమరంగు శాలువా ఆవిడ వచ్చిన రోజు కూడా అలాగే నొక్కాను. ఊరంతటికీ ఆవిడ ఒక్కతే మనిషి. ఎప్పుడూ వీపే కనబడేది. చాలాసేపు ఏదో అడిగింది. నాకు మాత్రల మత్తు. సరే. సరే. సరే.

మర్నాడు పిచ్చుక తలగడ కింద చెక్క బాతు దొరికింది. తర్వాత ఒక ఈల. ఆ తర్వాత మువ్వలు కట్టిన చిన్న కాలి పట్టీ. అన్నీ అచ్చం దాని మనసులోంచి తీసినట్టున్నాయి. అన్నిటికీ తడిమట్టి వాసన.

ఇది అత్తయ్య పనే అనుకున్నాను. మనవరాలిని తనవైపు తిప్పుకోవడానికి ఎత్తు.

"బొమ్మలిచ్చి దాన్ని పాడుచెయ్యకండి అత్తయ్యా."

"నేనా? నువ్వే ఫోన్లో తెప్పిస్తున్నావనుకున్నానమ్మా. మంచంలో ఉండి కూడా దీనికెంత తాపత్రయమో అని మీ ఆయనతో అన్నాను కూడా."

అబద్ధమాడితే ఆవిడ కళ్లజోడు సర్దుకుంటారు. ఈసారి సర్దుకోలేదు.

మా ఆయన లిఫ్టు మెకానిక్. ఆయన్నీ నిలదీశాను. "లిఫ్టుల మధ్య ఇరుక్కుని చస్తుంటే నాకు బొమ్మల కొట్లు ఎక్కడ కనబడతాయే?" అన్నారు. నమ్మలేదు. నమ్మకపోవడమే నయం అనిపించింది. ఆయన కాకపోతే ఎవరన్న ప్రశ్న మిగులుతుంది కదా.

చివరికి పిచ్చుకనే అడిగాను. అది తలెత్తకుండా బాతుకి అన్నం పెడుతూ చెప్పింది.

"ఆంటీ ఇచ్చింది."

"ఏ ఆంటీ?"

"నీ ట్యాబ్‌లో ఉంటుందే... అటు తిరిగి."

పిల్లల మాటలు అని కొట్టి పారెయ్యాలనుకున్నాను. కానీ చెయ్యి ట్యాబ్ మీదికి పోయింది. ఊరు తెరిచాను. కుందేలు బట్టీ, ఎలుగుబంటి షెడ్డూ ఉన్నాయి. ఏటి ఒడ్డున మాత్రం నేను కట్టని ఇల్లొకటి లేచింది. లోపల చిన్న మంచం. దానిమీద పసుపు దుప్పటి. దుప్పటి మూల ఆకుపచ్చ అతుకు. ఆ అతుకు నేను కుట్టాను... మిషను మీద కాదు, చేత్తో... పిచ్చుక దుప్పటికి.

రాబోయేవాళ్ల బొమ్మలుండే పేజీ చూశాను. కొత్త బొమ్మ చేరింది. ఇంకా రంగులు వెయ్యలేదు. రెండు పిలకలు తెలుస్తున్నాయి. కింద గుండెలు ఒకటి తప్ప అన్నీ నిండి ఉన్నాయి.

కుందేలుకి నేనేం చేశానో నాకు తెలుసు.

సాయంత్రం చెబితే మా ఆయన నవ్వారు. "నెల్లాళ్లు ఆ గేములే చూస్తుంటే మరి కలలోకి ఎలుగుబంట్లే వస్తాయి. పడుకో" అన్నారు. చూపిద్దామని తెరిస్తే ఏటి ఒడ్డున ఇల్లు లేదు. ఉత్త గడ్డి.

మర్నాడు మధ్యాహ్నం నా మాత్రలు అయిపోయాయని అత్తయ్య మందుల షాపుకి బయల్దేరారు. పిల్లని తీసుకెళ్లండి అంటే, వానొచ్చేలా ఉంది, పైగడియ వేసుకుంటే ఏం భయం అన్నారు. ముందు తలుపు పైగడియ తనే వేసి, వెనక తలుపుకి బయట తాళం వేసుకుని వెళ్లారు.

వాన మొదలైంది. కరెంటు పోయింది. మా ఇంటి కర్టెన్లు నేను కుట్టినవే. లోపలికి రవ్వంత వెలుతురు కూడా రాదు. గదిలో నడుముకి రాసుకున్న మందు ఘాటు. హాల్లో పిచ్చుక తనలో తను మాట్లాడుకుంటోంది. ఆ గొంతు వినబడుతున్నంతసేపూ ధైర్యంగానే ఉన్నాను.

ఘాటు తగ్గింది. దాని కిందినుంచి ఇంకో వాసన పైకి వచ్చింది. తడిమట్టి.

మంచం మీద ట్యాబ్ దానంతటదే వెలిగింది.

ఏటి ఒడ్డున ఇల్లు. గుమ్మంలో శాలువా ఆవిడ. పక్కన పిలకల బొమ్మ, దాని కింద గుండెలన్నీ ఎర్రగా ఉన్నాయి. ఆవిడ నెమ్మదిగా నావైపు తిరిగింది... ముఖం గియ్యలేదు. ఉత్త చర్మంరంగు మాత్రం పూసి వదిలేశారు.

అక్షరాలు ఒక్కొక్కటే వచ్చాయి.

'ఇల్లు సిద్ధం. తీసుకెళ్తున్నాను. నువ్వు సరే అన్నావుగా.'

హాల్లో మాటలు ఆగిపోయాయి.

"పిచ్చుకా..."

చర్ర్... చెప్పుల పట్టీ బిగించిన చప్పుడు. రెండో చెప్పుది కూడా.

"పిచ్చుకా, ఇలా రా!"

"అమ్మా, నేను వెళ్లొస్తా..." సంబరంగా గుసగుస.

తర్వాత గడియ. పైగడియ. అది నాకే మునివేళ్ల మీద నిలబడితే గాని అందదు... అది మెల్లగా జరుగుతోంది. ఇనుము ఇనుముకి రాసుకుంటోంది.

లేచాను. నడుము కలుక్కుమంది. నేలమీద పడ్డాను. ట్యాబ్ కూడా నాతోపాటే పడి, సరిగ్గా నా ముఖం ముందు ఆగింది. తెరంతా వేళ్లతో వెతికాను. 'వద్దు' ఎక్కడా లేదు. "వద్దు, వద్దు, నా పిల్ల వద్దు" అని అరిచాను.

తెర మీద మాటలు మారాయి.

'అయితే దాన్ని వదిలేస్తాను. కానీ ఇల్లు ఖాళీగా ఉండకూడదు. మీ ఇంట్లోంచే ఇంకొకరిని తీసుకుంటాను.'

కింద 'సరే'.

నెల రోజుల్లో మొదటిసారి ఒక్కో అక్షరం చదివాను. చదివే నొక్కాను.

తలుపు దభాలున తెరుచుకుంది. పిచ్చుక కళ్లు నలుపుకుంటూ వచ్చింది, భుజాన స్కూలు సంచి. "ఆంటీ నన్ను వద్దంది" అని ఏడ్చింది. దాన్ని వాటేసుకుని నేలమీదే ఉండిపోయాను. తడిసిన గొడుగుతో అత్తయ్య ముందు గుమ్మంలోంచి లోపలికి వచ్చారు. "తలుపు బార్లా తీసుంది! పైగడియ ఎవరు తీశారు? దీనికి అందదుగా?" అంటూ నన్ను లేపబోయారు.

మా ఆయన ఆ గేము తీసేశారు. నా నడుము నెమ్మదిగా దారికొచ్చింది. పిచ్చుక తలగడ కింద మళ్లీ ఏమీ దొరకలేదు. కానీ ఎవరిని తీసుకుంటానందో ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు. పొద్దున్నే లేచి మా ఆయన తలగడ ఎత్తి చూసేదాన్ని. ఏమీ ఉండేది కాదు. సరే నొక్కిన ఆ క్షణంలో నా మనసులో ఎవరి ముఖమైనా మెదిలిందా? మెదల్లేదనే అనుకుంటున్నాను. నా మీద నాకే నమ్మకం లేదు.

ఇవాళ పొద్దున అత్తయ్య నా గదిలోకి వచ్చారు. చేతిలో ఊలు ఉండ. బూడిదకీ నీలానికీ మధ్య రంగు. మామయ్యగారికి అల్లుతూ, ఆయన పోవడంతో సగంలో ఆపేసిన స్వెట్టరుది ఆ రంగు. ఎన్ని షాపులు తిరిగినా మళ్లీ దొరకలేదట.

"తలగడ కింద పెట్టావా? నువ్వేనా?" ఉండని రెండు చేతులా పట్టుకుని అడిగారు.

కాదంటే ఆవిడ దాన్ని తీసి అవతల పడేస్తారు. అప్పుడా ఇల్లు ఖాళీగా ఉంటుంది. హాల్లో పిచ్చుక ఏదో పాట పాడుకుంటోంది.

"నేనే అత్తయ్యా."

ఆవిడ నా తల తన పొట్టకేసి హత్తుకున్నారు. "అయితే మొన్నటి దువ్వెన, నిన్నటి అద్దం కూడా నువ్వేనన్నమాట. నీకు నేనంటే గిట్టదనుకున్నానే, పిచ్చిదానా..."

"అవునత్తయ్యా" అన్నాను. "అవీ నేనే."