ఉమ్మడి వనరు లాస్య

బొంతలు ఉతకడానికి నీళ్ళు కావాలని లాస్య అడిగితే, ఇవాళ వీలుపడదని బావి చెప్పింది.

"ఈ వారం ఊరినదానికంటే తోడింది ఎక్కువైంది. సోమవారం అడగండి," అంది బావిగట్టు మీది పలుకురాయి. ఎవరిమీదా కోపం లేని గొంతు దానిది. ఎవరిమీదా ప్రేమ కూడా లేదు.

లాస్య సరేనని బొంతలు మళ్ళీ మడిచింది. గుట్టకిందపల్లెలో ఇప్పుడు బావితో ఎవరూ వాదించరు. కొత్తలో వాదించారు. ఒక పెద్దమనిషి తన పార్టీ పేరు చెప్పాడు, తర్వాత తన బావమరిది పేరు చెప్పాడు, ఆఖరికి రాయి తీసి విసిరాడు. "దెబ్బ తగిలింది. నీళ్ళు మాత్రం ఇందాక ఉన్నన్నే ఉన్నాయి," అని పలుకురాయి అదే గొంతుతో అంది. ఆ పెద్దమనిషి ఆ పూట కాళ్ళు కడుక్కోకుండానే ఇంట్లోకి వెళ్ళాడని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు.

మదనపల్లె చుట్టుపక్కల ఊళ్ళన్నిటినీ మార్చేసిన మితవాణి అంటే ఇదే. నేల లోపల తడిచెవులు నాటారు, చెట్ల కొమ్మలకు లెక్కకళ్ళు బిగించారు. నీళ్ళు, గడ్డి, ఇసుక, కాయలు, ఒకటికంటే ఎక్కువ ఇళ్ళు వాడుకునేది ఏదైనా సరే, ఎంత తీశారో, తిరిగి ఎంత చేరుతోందో అది చూస్తూ ఉంటుంది. తీసేది ఎక్కువైతే వద్దంటుంది. మాట వినని ఇంటికి నీళ్ళ వాటా తగ్గిస్తుంది. అది వచ్చాక నడివేసవిలో కూడా బావిలో నీళ్ళు కనబడుతున్నాయి. గుట్టమీద దుప్పులు తిరుగుతున్నాయి. ఉమ్మడి చింతతోపులో పైకొమ్మల కాయలు పక్షులకు మిగులుతున్నాయి. అందరికీ మేలే జరిగింది. ఒక్క జశ్వంత్‌కి మాత్రం ఉద్యోగం పోయింది.

జశ్వంత్ లాస్య భర్త. ఊరి ట్యాంకు వాల్వులు తిప్పే పని అతనిది. ఏ వీధికి ఎప్పుడు నీళ్ళు వదలాలో అతని చేతిలో ఉన్న రోజుల్లో, అతను వీధిలో నడుస్తుంటే పలకరించని ఇల్లు ఉండేది కాదు. ఇప్పుడు వాల్వులు వాటంతట అవే తిరుగుతాయి. ప్రభుత్వం నెలనెలా భృతి ఇస్తుంది కాబట్టి తిండికి లోటు లేదు. అతను అరుగుమీద కూర్చుని, వచ్చేపోయేవాళ్ళను చూస్తూ, ప్రపంచంలో జరిగేవాటిని పేపర్లోంచి లాస్యకు వినబడేలా చదువుతూ ఉంటాడు. ఆమెకు వినే తీరిక ఉందా అన్నది అతను ఎప్పుడూ ఆలోచించలేదు.

ఆ మధ్యాహ్నం చింతకాయల వాటా వచ్చింది. జశ్వంత్ అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ హిందూపురం నుంచి బెంగళూరు దాకా ఎక్కడ స్థిరపడినా, వాళ్ళ వాటాలన్నీ ఈ ఇంటి గుమ్మంలోకే వస్తాయి. పెంకు ఒలిచి, ఈనెలు లాగి, గింజ కొట్టి, ఉప్పు చల్లి ముద్దలు చేసి ఏడిళ్ళకూ పంపేది లాస్య. ఆ పని అయ్యేసరికి ఎండాకాలం సగం గడిచిపోతుంది, వేళ్ళ చివరలు పులుపుకి పగిలి అన్నం కలుపుకుంటే మండుతాయి. ఈ కాయలు కొమ్మకు ఎన్ని ఉండాలో మితవాణి చూసింది. వాటిని ఒలిచేది ఎవరో దానికి ఎవరూ చెప్పలేదు.

లాస్య బుట్టల వంక చూసింది. సరిగ్గా ఈ నెలలోనే విత్తనయాత్ర బయలుదేరుతుంది. ఆడవాళ్ళ జట్టు ఒకటి గుట్టలన్నీ నడిచి, ఎర్రచందనం, ఏపి, నల్లమద్ది గింజలు ఏరి, బోడిగుట్టల మీద చల్లడానికి తెస్తుంది. లాస్య చదివింది వృక్షశాస్త్రం. పెళ్ళయినప్పటినుంచీ ఆ చదువు పనికొచ్చింది కొత్తిమీర కట్టలో గడ్డిపరకలు ఏరడానికే. జట్టు నాయకురాలు ప్రతి ఏడూ పిలుస్తుంది, ప్రతి ఏడూ బుట్టలు అడ్డం వస్తాయి. ఈసారి మాత్రం రేపు సాయంత్రంలోగా మాట చెప్పకపోతే లాస్య చోటు ఇంకొకరికి ఇచ్చేస్తానందామె. అడిగీ అడిగీ విసిగిపోయింది పాపం.

భోజనాలయ్యాక లాస్య ఒక్కతే చింతతోపుకి వెళ్ళింది. తోపు పలుకురాయి ముందు నిలబడి, కొత్తగా ఒక ఉమ్మడి వనరు పేరు రాయించాలంది. ఎవరైనా రాయించవచ్చు. పోయినేడు ఎవరో ఒక తేనెపట్టును రాయించారు.

"వనరు పేరు?"

"లాస్య."

"ఎన్ని ఇళ్ళు వాడుకుంటున్నాయి?"

"ఏడు. పెళ్ళిళ్ళప్పుడు ఇంకా ఎక్కువ."

"వాడకం ఏ కాలంలో ఎక్కువ?"

లాస్య నిజాయితీగానే ఆలోచించింది. "ఎండల్లో చింతపండూ వడియాలూ. వానల్లో జ్వరాలు. చలికాలంలో చుట్టాలు."

"తిరిగి చేరేది?"

"దసరాకి ఒక చీర."

"చీర వల్ల వనరు కోలుకుంటుందా?"

"రంగును బట్టి ఉంటుంది."

"చివరిసారి విశ్రాంతి ఎప్పుడు?"

"కాన్పుకి. ఆ పుట్టినవాడు ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాడు."

రాయి ఇంకేమీ అడగలేదు. వనరు అడుగంటే దశలో ఉందనీ, ఈ కాలమంతా దాన్ని ముట్టుకోకూడదనీ, వాడిన ఇంటికి నీళ్ళ వాటా తగ్గుతుందనీ చెప్పి రాసేసుకుంది. అది మనిషా కాదా అనే ప్రశ్న మితవాణిని తయారుచేసినవాళ్ళు దానికి నేర్పలేదు. చెరువులూ తోపులూ తమంతట తాము నడిచివచ్చి పేరు చెప్పుకుంటాయని వాళ్ళు ఊహించలేదు.

లాస్యకు తోపులో వచ్చిన నవ్వు ఇల్లు చేరేసరికి పోయింది. అత్తగారు ప్రత్యూషమ్మ తలకు నూనె రాయమని పిలిచింది. సీసా చేతిలోకి తీసుకుందో లేదో, అరుగు గోడకు మితవాణి బిగించిన పలుకుబిళ్ళ, విశ్రాంతిలో ఉన్న ఉమ్మడి వనరును వాడుతున్నారని మర్యాదగా హెచ్చరించింది. ప్రత్యూషమ్మ వనరు ఎక్కడా అని చుట్టూ చూసింది. లాస్య జరిగింది చెప్పింది. అత్తగారు సీసా లాక్కుని తనే రాసుకోసాగింది.

జశ్వంత్ మాత్రం ఊరుకోలేదు. "మనిషిని తోపుల్లో, గుంతల్లో కలిపి రాయించుకుంటారా ఎవరన్నా? మా అన్నోళ్ళు వింటే ఏమనుకుంటారు?" అన్నాడు.

"ఏమనుకుంటారో నాకేం తెలుసు. చింతపండు ఎప్పుడు పంపిస్తావని మాత్రం అడుగుతారు," అంది లాస్య.

ఆ రాయికి బుద్ధి లేదని ఊరందరికీ చూపిస్తానని అతను చెప్పులేసుకున్నాడు. తన పేరు కూడా రాయిస్తాడట. వీధిలో ఖాళీగా ఉన్నవాళ్ళంతా వెంట వెళ్ళారు. వాళ్ళు నవ్వుతూ వెళ్ళి, నవ్వకుండా తిరిగి వచ్చారు. జశ్వంత్ అరుగెక్కి గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఏం జరిగిందో పక్కింటావిడ లాస్యకు వంటింటి కిటికీలోంచి చెప్పింది. ఎన్ని ఇళ్ళు వాడుకుంటున్నాయని రాయి అడిగిందట. అతను నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడట. మీ ఇల్లు వాడుకుంటోందా అని అడిగితే దానికీ జవాబు చెప్పలేకపోయాడట. "వాడుక లేని వనరు. కావలసినవారు ఎంతైనా తీసుకోవచ్చు," అని రాసుకుందట రాయి.

లాస్యకు రాత్రి వంట సాగలేదు. తన పేరు రాయించినప్పుడు ఆమె మనసులో ఉన్నది చింతకాయలే. ఇతను ఇన్నేళ్ళుగా ఆ అరుగుమీద ఎందుకు అంత గట్టిగా చదువుతున్నాడో ఇప్పుడు తెలిసింది. తెల్లవారి లేవగానే తోపుకి వెళ్ళి ఇద్దరి పేర్లూ కొట్టేయించాలనుకుంది. యాత్ర ఇంకో ఏడు చూసుకోవచ్చు. ఇన్నేళ్ళు చూసుకోలేదా.

పొద్దున ఆమె చీర కొంగు సర్దుకుని గడప దాటబోతుంటే జశ్వంత్ బుట్టల మధ్య కూర్చుని ఉన్నాడు. ఒక చింతకాయను తిప్పి తిప్పి చూస్తున్నాడు, వాల్వు ఎటు తిరుగుతుందో వెతుకుతున్నట్టు.

"యాడికి?" అన్నాడు తలెత్తకుండా.

"పేర్లు కొట్టేయించి వస్తా. ఊరికే నవ్వులాటకి చేసినా. నువ్వు మనసులో పెట్టుకోవద్దు."

"నవ్వులాట కాదులే. అది అడిగింది సరిగానే అడిగింది. జవాబే నా దగ్గర లేకపాయె." పెంకు చిట్లింది. గింజలన్నీ నేలమీద పడ్డాయి. "నీ పేరు అట్లనే ఉండనీ. ఆ గింజల జట్టుకి వస్తానని చెప్పుపో."

"మరి ఇవి?"

"నన్ను ఎంతైనా వాడుకోవచ్చని చెప్పింది కదా. వాడుకోనీ."

గోడవారగా కూర్చున్న ప్రత్యూషమ్మ కర్రతో బుట్టను దగ్గరికి లాక్కుంది. "ఈనె లాగకుండా గింజ కొడతాండావు, ఏం మొగోడివిరా నువ్వు," అంటూ కొడుకు చేతిలోంచి కాయ తీసుకుని చూపించసాగింది.

లాస్య చెప్పడానికి ఇంకా చాలా ఉంది. ఉప్పు ఎంత, ఎండ ఎంత, ఏ కుండలో. నోటిదాకా వచ్చిన మాటలను మింగి వీధిలోకి నడిచింది. బిడ్డను కనడంకంటే అదే కష్టమనిపించింది.

గుట్టలమీద ఆమె ఆ నెలంతా నడిచింది. ఆకును చూసి చెట్టు పేరు చెప్పడం మరిచిపోలేదని మొదటి రోజే తెలిసింది. ఎర్రచందనం కాయలు పలచగా, రెక్కలతో, గాలికి ఎగురుతూ ఉంటాయి. వాటి వెంట పరిగెత్తి పట్టుకోవాలి. పరిగెత్తి ఎన్నేళ్ళయిందో ఆమెకు గుర్తులేదు. మధ్యాహ్నం బండనీడన పడుకుంటే ఎవరూ పిలవలేదు. మొదటి రెండు రోజులు అది కాస్త అవమానంగా అనిపించింది. తర్వాత అలవాటైంది.

ఊరి సంగతులు జట్టులోని ఆడవాళ్ళ ఫోన్లకు వస్తూనే ఉన్నాయి. వీధిలో సగంమంది ఆడవాళ్ళు తోపు దగ్గర వరస కట్టి తమ పేర్లు రాయించుకున్నారట. మంత్రసాని కూడా రాయించుకుందట. మితవాణిని నడిపే ఇంజనీర్లు పట్నం నుంచి పరిగెత్తుకొచ్చి, 'మనిషా, కాదా' అనే ప్రశ్న కొత్తగా చేర్చారట. ఆ ప్రశ్న తీసేదాకా వాళ్ళ కారును ఊరు కదలనివ్వలేదట. జశ్వంత్ ఏడిళ్ళ చింతకాయలూ తనొక్కడే ఒలవడం మొదలుపెట్టి, నాలుగోరోజుకి పగిలిన వేళ్ళు చూసుకుని, అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్ళకూ ఫోను చేసి, మిగిలినవి మీరే వచ్చి ఒలుచుకోండన్నాడట. వాళ్ళు నిజంగానే వచ్చారట. ప్రత్యూషమ్మ కర్ర పట్టుకుని వరండాలో అటూ ఇటూ తిరిగిందట.

యాత్ర ముగించుకుని లాస్య ఇల్లు చేరేసరికి సాయంత్రమైంది. చెంపలు నల్లబడ్డాయి, మడమలు పగిలాయి, ఒళ్ళు మాత్రం తేలిగ్గా ఉంది. అరుగుమీద అత్తగారు ఒక్కతే కూర్చుని ఉంది. కోడలిని ఎగాదిగా చూసి, చిక్కిపోయావనకుండా, "బాగుండావే," అంది.

"ఆయనేడి అత్తా?"

"నాకేం తెలుస్తాది? దాన్ని అడుగు," అంటూ ప్రత్యూషమ్మ పలుకుబిళ్ళ వైపు గడ్డం చూపింది.

లాస్య అడిగింది. జశ్వంత్ పై వీధిలో ఒకరి ఇంటి కుళాయి బాగుచేస్తున్నారనీ, అక్కడినుంచి మంత్రసాని ఇంటికి వెళ్ళాలనీ, బడిలో పిల్లలకు పాత వాల్వులు ఎలా తిరిగేవో చూపించడానికి రేపటికి కూడా మాట ఇచ్చారనీ బిళ్ళ చెప్పింది. పోయిన వారం నుంచి ఆ వనరు మీద వాడకం బాగా పెరిగిందట. "ఈరోజు వాటా అయిపోయింది. రేపు అడగండి."

"నేను ఆయన భార్యని," అంది లాస్య.

"రాసుకున్నాం. వరసలో మీరు నాలుగోవారు."

పై వీధిలోంచి జశ్వంత్ గొంతు వినబడుతోంది. ఎవరినో స్పానర్ అలా కాదు, ఇలా పట్టుకోవాలని కసురుతున్నాడు. పనిలో ఉన్న ఆ గొంతు విని లాస్యకు చాలా ఏళ్ళయింది.

ఆమె భుజాన ఉన్న సంచి దించి, కాళ్ళు చాపుకుని అత్తగారి పక్కన కూర్చుంది.

"నాలుగోదాన్నే కదా. ఉంటాలే," అంది.