డ్రైవరు తలమీది మూత

సైన్యంలో యుద్ధట్యాంకులు బాగుచేసిన ఫిట్టరు రిటైరయ్యాక చేతులు ఊరుకోక బొమ్మ ట్యాంకులు చేస్తున్నాడు. కొట్లో దొరికే ముక్కలు తెచ్చి అతికించే రకం కాదు. ప్లాస్టిక్ షీటు కోసి, రాగితీగ వంచి, ఆవగింజంత బోల్టులు కూడా తనే చేసుకుంటాడు. చూసినవాళ్లు ముక్కున వేలేసుకోవలసిందే. ఆ మెప్పు కోసమే ఇదంతా అని భార్య బతికున్న రోజుల్లో దెప్పేది.

ఈసారి చేయమంది వదిన. సొంత వదిన కాదు. ట్యాంకులో కాలిపోయిన డ్రైవరు భార్య. ఆ డ్రైవర్ని ఫిట్టరు 'అన్నా' అనే పిలిచేవాడు, ఇద్దరూ ఒకే కంచంలో తిన్నవాళ్లు.

"మీ అన్న నడిపిన బండే కావాలి, అచ్చం అదే. దాని సంగతి నీకంటే ఎవరికి తెలుసు?" అందామె.

నిజమే, ఎవరికీ తెలియదు. డ్రైవరు బయటపడే దారి తలమీది మూతే. దాని కీలుకి సరైన పిన్ను స్టోర్లో లేకపోతే, ఇతను పొట్టి పిన్ను కొట్టి సరిపోతుందిలే అనుకున్నాడు. మంటలు అంటుకున్నప్పుడు మూత ఒరిగి ఇరుక్కుపోయింది. విచారణలో మాత్రం మూత భేషుగ్గా ఉందని, మనిషే కంగారుపడి తీసుకోలేకపోయాడని చెప్పాడు. పిరికివాడన్న పేరు చచ్చినవాడి నెత్తిన పడింది. పదకొండేళ్లుగా వదిన ఆ పేరు మోస్తూ నలుగురిలో తలెత్తుకోలేదు.

ఆ మధ్యాహ్నం వాన కురుస్తోంది. బొమ్మ మీద రంగు ఆరింది. కాసేపట్లో వదిన వస్తానంది. ఒకసారి మూత ఎత్తి చూద్దామని వేలు పెట్టాడు. కదల్లేదు. భూతద్దం తెచ్చి చూశాడు. కీలులో దూర్చిన రాగితీగ పొట్టిగా ఉంది. కావాలని చేసింది కాదు. అప్పుడు పొట్టిది వేసినట్టే, ఇప్పుడూ చెయ్యి తనంతట తానే పొట్టిగా కోసేసింది.

"పాడు చెయ్యి," అని గొణుక్కుంటూ సందులోకి బ్లేడు దూర్చాడు. లోపల ఏమీ పెట్టలేదు. ఉత్త డొల్ల.

టక్.

చెయ్యి ఆగిపోయింది.

టక్... టక్... లోపల్నించే. గోటితో కొట్టినంత చిన్న చప్పుడు. అంతలో కరెంటు పోయింది. జిగురు వాసన పోయి ఇంకేదో వాసన మొదలైంది... కాలిన డీజిలు... కాలిన వెంట్రుకలు. బొమ్మ మీద వేలు ఆనిస్తే చుర్రుమంది.

"అన్నా..."

చప్పుడు ఆగింది. చెవొగ్గి వింటున్నట్టు ఆగింది. తర్వాత అదే చప్పుడు నాలుగు గోడల్లోంచీ మొదలైంది. పొగ. కళ్లు మండుతున్నాయి. పడుతూ లేస్తూ తలుపు దగ్గరికి వెళ్లాడు. గడియ తీశాడు. లాగాడు. నెట్టాడు. రాలేదు.

అవతల చెప్పుల చప్పుడైంది. "నేనేనయ్యా, వచ్చాను."

"వదినా, తలుపు..." ఊపిరి అందడం లేదు. "ఆ పిన్ను నేనే వేశాను... పొట్టిది. అన్న తప్పేం లేదు... విచారణలో అబద్ధం చెప్పాను. నీ కాళ్లు పట్టుకుంటాను, తలుపు తియ్యి..."

ఆమె ఏడుస్తోందని తెలుస్తోంది.

"ఈ ముక్క చెప్పడానికి పదకొండేళ్లు పట్టిందా," అంది చివరికి. గొంతులో జాలి లేదు. "తలుపు బార్లా తీసే ఉంది కదయ్యా. నీ ఎదురుగానే నిలబడ్డాను. బయటికి రా."

అతను రెండు చేతులతో నెడుతూనే ఉన్నాడు. అరచేతుల కింద ఉన్నది చెక్క కాదు... ఇనుము. కాలుతున్న ఇనుము.